ఫ్యూచర్స్ వ్యాపారానికి ఏ బ్రోకరు మంచివాడు?

 



ప్రళయదినాన మనిషి తన ప్రభువు సన్నిధి నుంచి కాలు కదపకముందే కొన్ని విషయాలకు సమాధానం చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆయువును గురించి ఒక ప్రశ్న, విద్యను గురించి ఒక ప్రశ్న, శరీరాన్ని గురించి ఒక ప్రశ్న. ధనం విషయానికి వచ్చేసరికి మాత్రం ప్రశ్నలు రెండు: ఎక్కడినుంచి సంపాదించావు, ఎక్కడ ఖర్చుపెట్టావు? ఈ హదీసు తిర్మిజీలో ఉంది. మన ప్రసంగాల్లో రెండో ప్రశ్న గురించి చాలా మాట్లాడుకుంటాం. జకాత్ ఇచ్చారా, దుబారా చేశారా, పెళ్ళిళ్ళలో ఆడంబరాలకు పోయారా అని నిలదీస్తాం. మొదటి ప్రశ్న జోలికి మాత్రం అంతగా వెళ్ళం. వెళ్తే ఎదుట కూర్చున్నవారిలో కొందరికి ఇబ్బంది కలుగుతుందని మాకూ తెలుసు.

ఈసారి ఆ మొదటి ప్రశ్న గురించే మాట్లాడవలసి వచ్చింది. దానికి కారణం ఒక యువకుడు.

గుంటూరులో ఒక జుమా రోజు. నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక అతడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇంజనీరింగు చదివాడు. తండ్రి మిర్చి యార్డులో కమీషను వ్యాపారి. "హజ్రత్, ఫ్యూచర్స్ ట్రేడింగు కోసం నాకు రెండు కంపెనీల్లో ఖాతాలున్నాయి. ఒక కంపెనీ చార్జీలు తక్కువ తీసుకుంటుంది గాని మార్కెట్టు బాగా ఊగిన రోజే దాని యాప్ మొరాయిస్తుంది. ఇంకొకటి కాస్త ఎక్కువ తీసుకుంటుంది, నమ్మకమైనదే అంటున్నారు. ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. మీకు తెలిసిన ముస్లిం బ్రోకరు ఎవరైనా ఉంటే చెప్పండి. మనవాడైతే మోసం చేయడు కదా!" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. "ఎంత పోయింది బేటా?" అని అడిగాం.

అతడు తలవంచుకున్నాడు. మూడు లక్షల నలభై వేలట. అందులో లక్షన్నర అతని చెల్లెలి పెళ్ళి కోసం వాళ్ళ అమ్మీ చీటీలు కట్టి కూడబెట్టినది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు. తప్పంతా బ్రోకరుదేనని, మంచి బ్రోకరు దొరికితే పోయినదంతా రెండు మూడు నెలల్లో తిరిగొస్తుందని అతడు గట్టిగా నమ్ముతున్నాడు. ఇలాంటి నమ్మకంతో ఇంకెన్ని ఇళ్ళలో ఎంతమంది కుర్రవాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోకుండా ఫోను వంక చూస్తున్నారో! అందుకే అతనికి చెప్పిన మాటలనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. బ్రోకరు వృత్తిని ఇస్లాం చిన్నచూపు చూడలేదు. అరబ్బులు బ్రోకరును 'సిమ్‌సార్' అనేవారు, మన ఇళ్ళలో దలాల్ అంటాం. ఖైస్ బిన్ అబీ గరజా (రజి) అనే ప్రవక్త సహచరుడు ఒక సంఘటన చెప్పారు. ఆ రోజుల్లో బజారులో తమను దలారులని పిలిచేవారట. ఒకసారి దైవప్రవక్త (స) అటుగా వెళ్తూ, అంతకంటే మంచి పేరుతో, వర్తకులారా అని వారిని సంబోధించారు. ఆ వెంటనే, క్రయవిక్రయాల్లో పొల్లుమాటలు, ఒట్లు దొర్లుతూ ఉంటాయి గనుక మీ వ్యాపారంలో దానధర్మాలు కలుపుతూ ఉండండని హితవు చెప్పారు. ఈ ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. చూడండి, ఆయన వారికి గౌరవమూ ఇచ్చారు, ఆ వృత్తిలో నాలుక ఎక్కడ జారుతుందో కూడా చూపించారు.

ఉర్వా బారిఖీ (రజి) సంగతి మనలో చాలామందికి తెలిసినదే. దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చి మేకను కొనుక్కురమ్మన్నారు. ఆయన ఆ దీనారుతో రెండు మేకలు కొన్నారు. దారిలో ఒకదాన్ని దీనారుకు అమ్మి, మేకనూ దీనారునూ రెంటినీ తెచ్చి ప్రవక్త (స) ముందు పెట్టారు. ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రవక్త (స) దుఆ చేశారు. ఇది బుఖారీలోని హదీసు. ఒకరి సొమ్ముతో ఒకరి తరఫున బజారుకు వెళ్ళినవాడు ఎలా ఉండాలో ఇందులో ఉంది. చేతిలోకి వచ్చిన లాభం ఎవరిదో ఆయన మర్చిపోలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన గ్రంథంలో దలాలీ ప్రతిఫలం మీద విడిగా ఒక అధ్యాయమే పెట్టారు. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి తొలితరం పండితులు దలాలీ తీసుకోవడంలో తప్పులేదని భావించినట్లు అందులో పేర్కొన్నారు.

అంటే ఆ యువకుని తండ్రి చేసేది, షరతులు పాటిస్తే, ధర్మసమ్మతమైన వృత్తి. పల్నాడు నుంచో ప్రకాశం నుంచో రైతు టిక్కీలు తెస్తాడు. కొనేవాడు టిక్కీ విప్పి కాయ చూస్తాడు, రంగు చూస్తాడు, విరిచి ఘాటు చూస్తాడు. ధర కుదురుతుంది, కాటా వేస్తారు, సరుకు లారీ ఎక్కుతుంది, సొమ్ము చేతికొస్తుంది. మధ్యవర్తికి ముందుగా చెప్పిన కమీషను దక్కుతుంది. రైతుకు బజారు ధర తెలియకుండా దాచిపెట్టినా, తూకంలో చెయ్యి పెట్టినా, కొనేవాడితో లోపాయికారీగా కుమ్మక్కైనా ఆ కమీషను విషమైపోతుంది. పట్నంవాడు పల్లెనుంచి వచ్చినవాడి తరఫున అమ్మరాదని ప్రవక్త (స) వారించినప్పుడు, దాని భావం ఏమిటని అడిగితే, వాడికి దలారిగా ఉండకూడదని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. పల్లెవాడి అమాయకత్వాన్ని గాని, బజారులోని ప్రజల అవసరాన్ని గాని మధ్యవర్తి సొమ్ము చేసుకోకూడదన్నది అందులోని మర్మమని పండితులు చెబుతారు. ఇదెలా జరుగుతుందో యార్డు గేటు దగ్గర రాత్రంతా పడిగాపులు కాసే రైతుకు మాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు కొడుకు వ్యాపారం చూద్దాం.

ఫ్యూచర్స్ అంటే ఇంత సరుకును ఫలానా తేదీకి ఫలానా ధరకు ఇచ్చిపుచ్చుకుందామని ఈరోజే చేసుకునే ఒప్పందం. ఒకప్పుడు ఎన్.సి.డి.ఇ.ఎక్స్. అనే ఎక్స్ఛేంజిలో మన గుంటూరు మిర్చి మీద కూడా ఇలాంటి ఒప్పందాలు నడిచాయి. నిజామాబాదు పసుపు మీదా నడిచాయి. అమ్మేవాడి దగ్గర సరుకు ఉండనక్కరలేదు. కొనేవాడు పూర్తి సొమ్ము చెల్లించనక్కరలేదు. ఇద్దరూ మార్జిను పేరుతో కొంత జమానతు మాత్రం కడతారు. ప్రతి సాయంత్రం ఆనాటి ధరను బట్టి ఓడినవాడి ఖాతానుంచి గెలిచినవాడి ఖాతాకు తేడా సొమ్ము మారుతుంది. జమానతు తరిగిపోతే ఇంకా కట్టమని బ్రోకరు కబురు పెడతాడు. కట్టకపోతే తానే ఒప్పందాన్ని తెంచేసి నష్టాన్ని ఖాతాలో రాస్తాడు. గడువు తేదీ వచ్చేలోగా అత్యధికులు ఎదురు ఒప్పందం చేసుకుని బయటపడతారు. ఒక్క మిరపకాయ కూడా చేతులు మారదు. యార్డులోకి అడుగుపెడితే తుమ్ములు ఆగవు. ఇక్కడ లక్షల సరుకు కొని అమ్మినా ఒక్క తుమ్ము రాదు!

ఆ యువకుడు చేసేది సరుకు మీద కూడా కాదు, నిఫ్టీ మీద. మన దేశంలో సూచీల మీద ఫ్యూచర్స్ 2000 జూన్‌లో మొదలయ్యాయి. నిఫ్టీ అనేది 50 కంపెనీల షేర్ల ధరల నుంచి లెక్కగట్టిన ఒక అంకె. మిర్చి అయితే కనీసం గడువు తేదీన గిడ్డంగికి వెళ్ళి తెచ్చుకోవచ్చు. అంకెను ఎవరు ఇంటికి తెచ్చుకోగలరు? అది పెరుగుతుందని ఒకడు, తరుగుతుందని ఇంకొకడు సొమ్ము ఒడ్డుతారు. ఈ రెండో పనికి వ్యాపారమని పేరు పెట్టడానికి మాకు నోరు రావడం లేదు.

షరీఅత్ దీన్ని ఎలా చూస్తుంది? హకీమ్ బిన్ హిజామ్ (రజి) ప్రవక్త (స) దగ్గరికి వచ్చి తన ఇబ్బంది చెప్పుకున్నారు. జనం వచ్చి తన దగ్గర లేని సరుకు అడుగుతారు, ముందు అమ్మేసి తర్వాత బజారునుంచి కొని ఇవ్వవచ్చా అని అడిగారు. నీ దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. ధాన్యం కొన్నవాడు అది తన స్వాధీనంలోకి రానిదే తిరిగి అమ్మరాదని మరో హదీసులో ఉంది. ఏమి దక్కుతుందో, ఎంత దక్కుతుందో తెలియని అనిశ్చిత బేరాలను, అంటే 'గరర్'ను, ప్రవక్త (స) నిషేధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. సరుకూ వాయిదా, సొమ్మూ వాయిదా అయినప్పుడు అది అప్పుకు అప్పు అమ్మడమే అవుతుంది. అలాంటి బేరం చెల్లదని ధర్మశాస్త్రవేత్తలు ఏనాడో తేల్చారు.

"మరి రైతు పంట చేతికి రాకముందే ముందస్తు బేరం చేసుకోవచ్చని కూడా ఉంది కదా హజ్రత్!" అన్నాడా యువకుడు. మంచి ప్రశ్నే వేశాడు, మాకు సంతోషం కలిగింది. అవును, ఉంది. దాన్ని 'సలమ్' అంటారు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేసరికి అక్కడివారు ఏడాదికో రెండేళ్ళకో ముందుగానే ఖర్జూరాలకు బేరం చేసుకునేవారు. ఆయన దాన్ని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు మూడూ ముందే నిర్ధారణ కావాలన్నారు. ఫుఖహాలు మరో ముఖ్యమైన షరతు చెప్పారు. ధర మొత్తం బేరం కుదిరిన కూర్చోలులోనే చెల్లించాలి. తేడా అంతా ఇక్కడే ఉంది. సలమ్‌లో రైతు చేతికి సొమ్ము వస్తుంది, దానితో విత్తనం కొంటాడు, కూలి ఇస్తాడు, వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం తప్పుతుంది. ఫ్యూచర్స్‌లో రైతుకు విత్తనానికి ఒక్క రూపాయి కూడా అందదు.

ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్ఆ అకాడమీ 1992లో జిద్దాలో జరిగిన ఏడవ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించింది. సరుకూ సొమ్మూ రెండూ వాయిదాలో ఉండే ఒప్పందాలు, ఆప్షన్లు ధర్మసమ్మతం కావని, సూచీల మీద బేరం పచ్చి జూదమని తీర్మానించింది. మన ఉపఖండంలోని పెద్ద ఉలమాలలో అత్యధికులది ఇదే అభిప్రాయం. భిన్నాభిప్రాయం లేదని మేము అనం. మలేషియాలో పామాయిలు ఫ్యూచర్స్‌ను అక్కడి షరీఅత్ సలహామండలి అనుమతించింది. ముహమ్మద్ హాషిమ్ కమాలీ వంటి పండితులు, ఎక్స్ఛేంజి పూచీ ఉన్నప్పుడు పాతకాలపు అనిశ్చితి ఉండదని వాదించారు. ఆ పండితుల చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. అయితే వారి వాదన ప్రధానంగా పంట పండించేవాడు, సరుకు నిల్వ చేసేవాడు ధరల ఒడిదుడుకుల నుంచి రక్షణ పొందడం గురించి. సొంతంగా ఒక్క టిక్కీ లేనివాడు చెల్లెలి పెళ్ళి సొమ్ముతో అంకెల మీద పందెం కాయడానికి ఆ వాదన ఆసరా కాజాలదు. అలాంటి ఆసరా వెతుక్కునేవారు ఆ పండితుల పుస్తకం తెరిచి చూసి ఉండరనే మా అనుమానం.

దివ్య ఖుర్ఆన్ మద్యాన్నీ జూదాన్నీ ఒకేచోట ప్రస్తావించి, వాటిలో జనానికి కొంత ప్రయోజనం ఉన్నమాట నిజమేగాని పాపమే దానికంటే పెద్దదని బఖరా సూరాలో చెప్పింది. తర్వాత మాయిదా సూరాలో వాటిని పూర్తిగా నిషేధించింది. ఆ 'కొంత ప్రయోజనం' ఎవరికి దక్కుతుందో ఇప్పుడు లెక్కలతో సహా తెలుస్తోంది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. వారి మొత్తం నష్టం 1 లక్షా 80 వేల కోట్ల రూపాయలకు పైమాటే. 2023-24లో ఈ ఆటలో ఉన్నవారిలో 43 శాతం ముప్పై ఏళ్ళలోపు వారు. వరుసగా రెండేళ్ళు నష్టపోయినవారిలో కూడా నూటికి డెబ్బై అయిదుగురికి పైగా ఆట మానలేదట. ఈ చివరి అంకెను ఆ యువకునికి రెండుసార్లు చదివి వినిపించాం.

ఫ్యూచర్స్‌లో ఒకడు గెలిచిన ప్రతి రూపాయి మరొకడు పోగొట్టుకున్నదే. ఆ రూపాయి చేతులు మారేటప్పుడు బ్రోకరేజీ, ఎక్స్ఛేంజి రుసుము, పన్నులు కోసుకుంటారు. అంటే కూర్చున్న అందరి దగ్గరున్న మొత్తం రోజురోజుకూ తరిగిపోతూనే ఉంటుంది. మీరు గెలిచినా ఓడినా బ్రోకరుకు తన చార్జీలు ముడతాయి. అతడు మీకు యాప్ ఉచితమంటాడు, ఖాతా ఉచితమంటాడు, తరగతులు కూడా ఉచితమంటాడు. 2024 నవంబరు నుంచి సూచీ ఒప్పందం విలువ కనీసం 15 లక్షలు ఉండాలన్న నియమం వచ్చింది. ఉదాహరణకు రెండు లక్షల జమానతు మీద 15 లక్షల బేరం తలకెత్తుకున్నాడనుకోండి. సూచీ నూటికి ఐదు పడితే 75 వేలు పోతాయి. నూటికి పది పడితే లక్షన్నర. ఆ యువకుని ఖాతాలో జరిగింది సరిగ్గా ఇదే, బ్రోకరు అందులో ఒక్క పైసా దొంగిలించలేదు.

కాబట్టి "ఏ బ్రోకరు నిజాయితీపరుడు?" అన్న ప్రశ్న ఇక్కడ ముందు అడగవలసిన ప్రశ్న కాదు. నీళ్ళు కలపకుండా కల్లు అమ్మేవాడు ఒకరకంగా నిజాయితీపరుడే. అంతమాత్రాన ఆ దుకాణానికి దారి చెప్పమంటే మేము చెప్పలేం. వకాలత్, అంటే ఒకరి తరఫున మరొకరు వ్యవహరించడం, ధర్మసమ్మతమైన పని వరకే చెల్లుతుంది.

ఇక "మనవాడైతే మోసం చేయడు" అన్న మాట. ఈ మాట వింటే మాకు భయమేస్తుంది. 2019 జూన్‌లో బెంగుళూరులో 'హలాల్ పెట్టుబడి' పేరుతో నడిచిన ఐ.ఎం.ఎ. సంస్థ కుప్పకూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. వితంతువులు, గల్ఫ్‌లో చెమటోడ్చి వచ్చినవారు, కూతురి పెళ్ళికి దాచుకున్నవారు, అందరూ మనవాడనే నమ్మారు. హజ్రత్ ఉమర్ (రజి) ముందు ఒకతను ఇంకొకతని గురించి సాక్ష్యం చెప్పాడు. నువ్వతని పొరుగువాడివా అని ఉమర్ (రజి) అడిగారు. కాదన్నాడు. అతనితో ప్రయాణం చేశావా? లేదు. డబ్బు వ్యవహారం నడిపావా? లేదు. అయితే మస్జిదులో లేస్తూ వంగుతూ ఉండగా చూసి ఉంటావు, అతడెవరో నీకు తెలియదు, వెళ్ళు అని పంపేశారు. గడ్డం చూసి సొమ్ము అప్పజెప్పేవారు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి.

ఇదే కోవలో మరో ఉచ్చు. విదేశీ కరెన్సీ బేరాల యాప్‌లు కొన్ని 'ఇస్లామిక్ ఖాతా' అని ప్రకటనలు ఇస్తాయి. రాత్రి గడిస్తే వేసే వడ్డీని తీసేశామంటాయి. వడ్డీ తీసేసినా కింద ఉన్న బేరం ఆ బేరమే. పైగా ఇలాంటి అనుమతి లేని సంస్థల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఒక హెచ్చరిక జాబితానే విడుదల చేసింది. అటువంటివాటిలో సొమ్ము వేయడం ఈ దేశపు చట్టానికీ విరుద్ధమే. వాట్సాప్ గ్రూపుల్లో 'ఖచ్చితమైన లాభం' అమ్మేవారి గురించి వేరే చెప్పనక్కరలేదు.

"అయితే షేర్ల జోలికే పోకూడదా?" అని అతడు అడిగాడు. అలా అని మేము అనలేదు. కంపెనీ షేరు కొనడమంటే ఆ వ్యాపారంలో భాగస్వామి కావడం. మద్యం, వడ్డీ, జూదం, పందిమాంసం, అశ్లీల వినోదం వంటివాటికి దూరంగా ఉండి, వడ్డీ అప్పుల భారం పరిమితిలో ఉన్న కంపెనీ షేరును సొంత సొమ్ముతో, పూర్తి ధర చెల్లించి కొనడాన్ని మన కాలపు పండితుల్లో చాలామంది అనుమతించారు. ఇలాంటి కంపెనీలను వడపోసి 2010 డిసెంబరులోనే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి ఒక షరీఅత్ సూచీని ప్రారంభించింది. నిఫ్టీకి కూడా అటువంటి సూచీలున్నాయి. లాభం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరు, నష్టం వస్తే భాగస్వామిగా భరించాలి.

దీనికి బ్రోకరు కావాలి, అప్పుడు బ్రోకరు ఎంపిక గురించి మాట్లాడుకోవచ్చు. సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ సైటులో స్వయంగా చూసుకోవాలి, అతని ప్రకటన చూసి కాదు. రిజిస్ట్రేషన్ ఉన్నా కళ్ళు మూసుకోకూడదు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ పెద్ద పేరున్న సంస్థే. ఖాతాదారుల షేర్లను అనుమతి లేకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని తేలడంతో 2019 నవంబరులో సెబీ దానిపై ఆంక్షలు విధించింది, 2023లో రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. షేర్లు తమ డీమ్యాట్ ఖాతాలోనే ఉన్నాయో లేదో డిపాజిటరీ పంపే వివరంలో చూసుకునే అలవాటు లేనివారికే ఆ దెబ్బ ఆలస్యంగా తెలిసింది. 2020 సెప్టెంబరు నుంచి తాకట్టు పెట్టాలంటే ఖాతాదారుడే ఫోనుకు వచ్చే సంకేతంతో ఒప్పుకోవాలి. ఆ సంకేతం ఎవరికీ చెప్పకండి. వాడని సొమ్మును బ్రోకరు దగ్గర ఉంచకండి, బ్యాంకుకు తెప్పించుకోండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఖాతా తెరిచేటప్పుడు గబగబా టిక్కులు పెట్టుకుంటూ పోకండి. ఫ్యూచర్స్, ఆప్షన్లు కావాలా అని విడిగా అడుగుతారు, వద్దనండి. 'మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ' అని ఇంకొకటి ఉంటుంది. షేరు ధరలో మీరు కొంత పెడితే మిగతాది బ్రోకరు పెడతాడు, దానికి రోజువారీ వడ్డీ వేస్తాడు. పేరు ఎంత అందంగా ఉన్నా అది వడ్డీ అప్పే. వడ్డీ తినేవాడినే కాదు, ఇచ్చేవాడినీ, పత్రం రాసేవాడినీ, సాక్షులనూ కూడా ప్రవక్త (స) శపించారని మర్చిపోకండి. పొద్దున కొని సాయంత్రం అమ్మేసే ఇంట్రాడే బేరంలో కూడా షేరు మన స్వాధీనంలోకి రాకుండానే చేతులు మారుతుంది కనుక ఉలమా దాన్ని అనుమతించడం లేదు. ఒక బ్రోకరు మీకు ఈ మూడింటినీ పదేపదే అంటగట్టాలని చూస్తున్నాడంటే, చార్జీలు ఎంత తక్కువైనా అతడు మీ ఇంటికి తగినవాడు కాదు.

బ్రోకరు కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు కూడా ఉన్నారు. ఎంతమంది చేత ఫ్యూచర్స్ ఖాతాలు తెరిపించావన్న దాని మీద జీతం ఆధారపడే పని అయితే, మరో ఉద్యోగం వెతుక్కోవడం మంచిది. ఒక్కరోజులో మానేయమని ఇంట్లో పొయ్యి వెలగని పరిస్థితి తెచ్చే మాట మేము చెప్పం. మనసులో సంకల్పం, చేతల్లో ప్రయత్నం రెండూ ఉండాలి.

ఆ యువకుడు చాలాసేపు మౌనంగా ఉండి, "పోయింది రాబట్టుకునేదాకా ఒక్క ఆరునెలలు మాత్రం..." అన్నాడు. అతని చెయ్యి పట్టుకున్నాం. సొమ్ము పోవడం విపత్తే, కాదనం. కానీ అతడు ఇంకా చేయని పని ఒకటుంది. లక్షన్నర అతనిది కాదు, అమ్మీ దాచుకున్న అమానతు. ఆమెకు తెలియకుండా తీశాడు. అల్లాహ్ హక్కుకు తౌబా సరిపోతుంది. దాసుల హక్కు తౌబాతోపాటు తిరిగి చెల్లిస్తేనే తీరుతుంది, లేదా హక్కుదారు మనస్ఫూర్తిగా క్షమించాలి. ముందు ఇంటికి వెళ్ళి ఆమెకు నిజం చెప్పమన్నాం. అబ్బాతో కూర్చుని నెలకింత చొప్పున తీర్చే లెక్క కాగితం మీద రాసుకోమన్నాం. అల్లాహ్ కూడా అప్పు వ్యవహారాన్ని రాసుకోమనే ఆదేశించాడు కదా, తల్లీకొడుకుల మధ్య అయినా రాసుకుంటే తప్పులేదు. రెండు ఖాతాలూ మూసేయమన్నాం.

వారం తర్వాత వచ్చాడు. అమ్మీ ఆ రోజంతా ఏడ్చిందట, కొడుకుతో మాట్లాడలేదట. మర్నాడు పొద్దున ఫజ్ర్‌కు తానే నిద్రలేపిందట. అబ్బా రోజూ ఉదయం యార్డుకు వెంటబెట్టుకుని వెళ్తున్నారు. దుమ్ముకు దగ్గు వస్తోందని నవ్వుతూ చెప్పాడు.

వెళ్ళబోతూ ఆగి, "హజ్రత్, ఇంకొక సంగతి. మొదటి నెలలో కొంత లాభమొచ్చింది. అందులోంచి మన మస్జిదుకు ఒక ఫ్యాను ఇచ్చాను" అన్నాడు. తలెత్తి చూశాం. మొదటి వరుస మీద తిరుగుతోంది. ఎవరిచ్చారో మాకు అంతవరకు తెలియదు. అధర్మమైన సొమ్మును మస్జిదు కోసం వాడకూడదు, పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చేయాలి. ఆ మాటే కమిటీ పెద్దల ముందు పెట్టాం. అసర్ తర్వాత ఆ యువకుడే నిచ్చెన వేసుకుని దాన్ని దింపాడు, యార్డులో మూటలు మోసే ఒక హమాలీ ఇంటికి తీసుకువెళ్ళి బిగించి వచ్చాడు. మొదటి వరుస మీది కొక్కెం ఇంకా ఖాళీగానే ఉంది. వేసవి లోపు కమిటీవారు వేరొకటి తెస్తామన్నారు.